ముందుగా పరీక్షింపవలసిన దేది?

ఇంటికి వచ్చిన ప్రతి గింజను పట్టి చూచి వండు ఇల్లాలు లోకమున లేదు. కందిపప్పును చేటలో పోసి చెరుగుదుము, బియ్యములో రాళ్లేరుదుము, ఉప్పును చూడకయే జాడీలో పోసి మూత పెట్టుదుము. వానకాలము వచ్చినచో మొదట పిండిని జల్లెడ పట్టుదుము, ఆవకాయ జాడీని తరువాత చూతుము. ఏ సరకును చూచి చాల దినములైనదో, దేనినుండి ముక్కవాసన వచ్చుచున్నదో, దేనిని పిల్లలు ప్రతిదినము తినుచున్నారో, ఈ మూడు సంగతులను మనసున పెట్టుకొని ఏది ముందు, ఏది వెనుక అని వరుస యేర్పరచుకొందుము. ఈ వరుసను మనకెవరును నేర్పలేదు. నేర్పకున్నను అందులో తర్కము కలదు.

చూడవలసినవి పెక్కులు, చూచువారు కొందరు, కాలము స్వల్పము. ఈ చిక్కు ఒక యింటికి గాక అనేక దేశముల కూటమికి వచ్చినచో ఏమగును? సుమారు 45 కోట్ల జనులు తిను ఆహారములో చేరు రంగులు, తీపు ద్రవ్యములు, నిలువ ద్రవ్యములు మూడువందలకు మించి యుండగా, వానిలో దేనిని ముందు పరీక్షింపవలయునో ఎవరు నిర్ణయింతురు? ఏ న్యాయమున నిర్ణయింతురు? వరుసలో చివర నిలిచిన ద్రవ్యమును ఈలోపల తినుచున్న పిల్లవాని మాట యేమి? ఈ ప్రశ్నలకు ఐరోపావారు చెప్పుకొన్న సమాధానమును, దానివలన కలిగిన ఫలితములను ఇచ్చట వివరింపబూనితిమి. సంగతి దూరదేశమునదే యైనను, అందు చెప్పబడు రంగులలో కొన్ని మన మిఠాయి పళ్లెములోనివే.

రాజు పళ్లెము, పిల్లవాని పళ్లెము

అన్నమును పరీక్షించి తినవలయునను మాట క్రొత్తది కాదు. రాజు భుజించుటకు ముందు ఆ యన్నమును అగ్నికిని పక్షులకును పెట్టి చూడవలయునని కౌటిల్యుని అర్థశాస్త్రము విధించినది. వాగ్భటుని అష్టాంగహృదయమున, సూత్రస్థానమందు, అన్నరక్షను గూర్చి ఒక అధ్యాయమే కలదు. విషము కలిసిన యన్నపు లక్షణము లెట్టివో, దానిని చూచిన పక్షులును జంతువులును ఎట్లు ప్రవర్తించునో అందు చెప్పబడినది. అయితే ఆ పరీక్ష యంతయు ఒక్క రాజు కొరకు, ఒక్క పళ్లెము కొరకు, ఆ పూటకు మాత్రమే. వచ్చిన ప్రతి భోజనమును పరీక్షించుటయే నియమము గనుక ఏది ముందు, ఏది వెనుక అను ప్రశ్నయే అచ్చట పుట్టలేదు.

నేటి పరీక్షా విధానము వేరు. కోట్ల జనుల పళ్లెములను ఎవరును పరీక్షింపజాలరు. కావున పళ్లెమును విడిచి, అందులో చేరు ద్రవ్యమును పరీక్షింతురు. ఎలుకలు మొదలగు జంతువులకు ఆ ద్రవ్యమును పెట్టి, ఎంత మోతాదు వరకు కీడు కనబడదో కనుగొని, సాధారణముగా దానిని నూరవ వంతునకు తగ్గింతురు. జంతువునకును మనుష్యునకును గల భేదమునకై పదవ వంతు, ఒక మనుష్యునకును మరియొక మనుష్యునకును గల భేదమునకై అందులో మరల పదవ వంతు. ఇట్లు తేలిన మోతాదును దిన పరిమితి యని పిలుతము. జీవితకాలమంతయు దినదినము పుచ్చుకొన్నను కీడు కలుగదని శాస్త్రజ్ఞులు తలంచు మోతాదన్నమాట. దేహపు బరువులో కిలో ఒక్కింటికి ఇన్ని మిల్లీగ్రాములని దీనిని లెక్కింతురు.

ఈ విధానమున ఒక గుణమును, ఒక దోషమును కలవు. పూర్వము రాజునకు మాత్రమే గల రక్షణ నేడు కూలివాని బిడ్డకును లభించుట దాని గుణము. ఒకసారి మంచిదని వ్రాయబడిన తీర్పు ఏండ్ల తరబడి పుస్తకములో అట్లే పడియుండుట దాని దోషము. ఈలోపల శాస్త్రము పెరుగును; క్రొత్త పరీక్షలు పుట్టును; పండుగనాడు మాత్రమే తిను వస్తువు ప్రతి సాయంకాలము తిను వస్తువగును. తీర్పు మాత్రము పాతదే. పాత తీర్పును మరల చూడవలసిన పని యిట్లు వచ్చినది. అన్నిటిని ఒక్కనాడు చూచుట అసాధ్యము గనుక, వరుస యను ప్రశ్నయు దానితోనే వచ్చినది.

పరీక్షించువారెవరు?

1996వ సంవత్సరమున బ్రిటను ప్రభుత్వమువారు, పిచ్చి ఆవుల వ్యాధికిని మనుష్యులలో పుట్టిన ఒక ఘోరమైన మెదడు వ్యాధికిని సంబంధ ముండవచ్చునని ప్రకటించిరి. అంతకుముందు గోమాంసమునకు భయము లేదని ప్రజలకు పలుమారులు చెప్పియుండిరి. 1999లో బెల్జియమున కోళ్ల మేతలో డయాక్సిను అను విషద్రవ్యము కలిసి, గ్రుడ్లును కోళ్లును అంగళ్లనుండి తీసివేయవలసి వచ్చినది. ప్రభుత్వము మంచిదన్న మాటను నమ్ము ప్రజలు కరవైరి. ఆ నమ్మకమును మరల నిలుపుటకై 2002వ సంవత్సరమున ఐరోపా ఆహార భద్రతా సంస్థ స్థాపింపబడినది. ఇటలీ దేశమున పార్మా నగరము దాని నివాసము. ఎండబెట్టిన పంది తొడమాంసమునకును, జున్నునకును పేరుపడిన ఊరది.

ఈ సంస్థయందు గమనింపదగిన నియమ మొకటి కలదు. పరీక్షించువారు వేరు, ఆజ్ఞ యిచ్చువారు వేరు. ఆయా దేశములనుండి వచ్చిన శాస్త్రజ్ఞుల సంఘములు పరీక్షా ఫలితములను చూచి తమ అభిప్రాయమును వ్రాయును. ఆ ద్రవ్యమును ఉంచుటయో తీసివేయుటయో ఐరోపా కమిషనును, సభ్యదేశములును నిర్ణయించును. శాస్త్రజ్ఞులు తమకు ఏ వ్యాపార సంస్థతో ఏ సంబంధము కలదో ముందే ప్రకటింపవలయును. వండినవారే రుచి చూచి బాగున్నదనుట కంటె, వేరొకరు చూచుట మేలు గదా!

ఈ సంస్థ ముందుకు వచ్చు పనులు రెండు తెరగులు. మొదటివి క్రొత్త దరఖాస్తులు. ఒక క్రొత్త తీపు ద్రవ్యమునో, క్రొత్త రంగునో అంగడికి తేదలచిన వ్యాపారి తన పరీక్షల కాగితములతో వాకిట నిలుచును. కాగితములు సరిగానున్నచో, సాధారణముగా తొమ్మిది నెలలలో అభిప్రాయము చెప్పవలయునని గడువు కలదు. అవసరమైన వివరములు లేనిచో, అవి వచ్చువరకు గడువు గడియారమును నిలిపివేయుదురు. రెండవవి పాత ద్రవ్యములు. ఇవి వాకిట నిలుచునవి కావు. ఏనాడో లోపలికి వచ్చి పంక్తిలో కూర్చున్నవి. క్రొత్తదానికి వెంటబడి అడుగు వ్యాపారి కలడు. పాతదానిని పరీక్షింపుడని త్వరపెట్టు వ్యాపారి యుండడు. శాసనము కలుగజేసికొననిచో వాకిట నిలిచినవాని పని ముందు జరుగును, పంక్తిలోనున్నవాని పని యెన్నటికిని జరుగదు. ఈ కారణముచేతనే పాతవానికిని గడువులు విధింపవలసి వచ్చినది.

మూడు ప్రశ్నలు

2009 జనవరి 20వ తేదీకి ముందు అనుమతి పొందియున్న చేర్పు ద్రవ్యముల నన్నిటిని మరల పరీక్షింపవలయునని ఐరోపావారు శాసించిరి. ఏ వరుసలో పరీక్షింపవలయునో 2010వ సంవత్సరపు నిబంధనలలో వ్రాసికొనిరి. అందు ముఖ్యమైన ప్రశ్నలు మూడు. ఈ ద్రవ్యమును కడపట పరీక్షించి ఎంతకాలమైనది? దానిని గూర్చి క్రొత్త సాక్ష్యమేమైన వచ్చినదా? దానిని ఎందరు, ఎంతగా తినుచున్నారు? చేటముందు కూర్చున్న ఇల్లాలి మూడు సంగతులును ఇవియే యని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్నల ననుసరించి రంగులను ముందు నిలిపిరి. చాలవరకు రంగులపై తీర్పులు 1970, 1980 దశాబ్దములనాటివి. పైగా రంగులు పిల్లల మిఠాయిలలోను పానీయములలోను విరివిగా పడునవి. రంగుల పని 2015 డిసెంబరు 31వ తేదీకి ముగియవలయునని గడువు పెట్టిరి. నిలువ ద్రవ్యములు మొదలగు తక్కినవానికి 2018 చివర వరకును, తీపు ద్రవ్యములకు 2020 చివర వరకును గడువు లిచ్చిరి. తీపు ద్రవ్యములను చివరకు నెట్టుటకు కారణము వానిపై మునుపటి తీర్పులు ఇటీవలివగుటయే. మొన్ననే జల్లించిన పిండిని నేడు మరల జల్లింపము గదా.

ఒక్క వినాయింపు మాత్రముంచిరి. ఏ ద్రవ్యమునందైనను అపాయమున్నదని క్రొత్త సాక్ష్యము వచ్చినచో, వరుసను విడిచి దానిని ముందునకు తేవచ్చును. వరుస లేని పరీక్ష గందరగోళము. మార్పునకు ఎడమీయని వరుస మూర్ఖత్వము. ఈ రెంటికిని నడుమ దారి యిది.

రంగుల కథ

2010 నాటి నిబంధనలకు ముందే రంగుల పునఃపరీక్ష ఆరంభమైనది. అప్పుడే దాని ప్రయోజనమును కనబడినది. రెడ్ 2జి యను ఎఱ్ఱరంగును కొన్ని మాంసపు వంటకములలో మాత్రము వాడుచుండిరి. అది దేహములో చాలవరకు అనిలీను అను పదార్థముగా మారుననియు, ఆ యనిలీను జంతువులలో పుట్టకురుపును కలిగించుననియు, కావున దానికి పరిమితి యేర్పరచుటయే తగదనియు 2007 జూలైలో శాస్త్రజ్ఞులు చెప్పిరి. ఆ నెలలోనే దాని వాడుకను నిలిపివేసిరి. ఎన్నియో యేండ్లు అనుమతితో నడచిన రంగు కొన్ని దినములలో పోయినది. పాత తీర్పును తిరిగి చూడనిచో అది నేటికిని నడచుచుండెడిది కాబోలు.

ఆ సంవత్సరముననే ఇంగ్లాండులోని సౌతాంప్టను విశ్వవిద్యాలయమువారు మూడేండ్ల పిల్లలకును, ఎనిమిది తొమ్మిదేండ్ల పిల్లలకును రంగులు కలిపిన పానీయము నిచ్చి, రంగులేని పానీయముతో పోల్చి చూచిరి. రంగులతో సోడియం బెంజోయేటు అను నిలువ ద్రవ్యమును కలదు. కొందరు పిల్లలలో నిలుకడలేని అతి చురుకుదనము కొంత హెచ్చినట్లు కనబడినది. పరీక్షింపబడిన రంగులు ఆరు: టార్ట్రజీను, సన్‌సెట్ ఎల్లో, క్వినోలీన్ ఎల్లో, కార్మోయిసీను, పాన్సో 4ఆర్, అల్యూరా రెడ్. వానిని కలిపి యిచ్చుటచేత ఏ రంగు చేసిన పని యేదో విడదీసి చెప్ప వీలులేకపోయినది. 2008లో ఐరోపా సంస్థవారు ఈ సాక్ష్యము పరిమితమైనదనియు, దీనినిబట్టి దిన పరిమితులను మార్చజాలమనియు చెప్పిరి. శాస్త్రజ్ఞులు అంతవరకే చెప్పగలిగిరి. శాసనకర్తలు మాత్రము తల్లుల పక్షమున మరియొక అడుగు వేసిరి. ఈ ఆరు రంగులలో ఏది చేరినను, పిల్లల చురుకుదనముపైనను శ్రద్ధపైనను చెడు ప్రభావము కలుగవచ్చునని పొట్లముపై వ్రాయవలయునని 2010 జూలై 20వ తేదీనుండి నియమము అమలులోనికి వచ్చినది.

ఇట్లు సందేహము పుట్టిన రంగులను ముందు వరుసలో పరీక్షించి, 2009 నవంబరులో తీర్పులు వెలువరించిరి. క్వినోలీన్ ఎల్లో దిన పరిమితి కిలో ఒక్కింటికి 10 మిల్లీగ్రాములుండగా దానిని 0.5కు తగ్గించిరి. పాన్సో 4ఆర్ పరిమితి 4 నుండి 0.7కు దిగినది. టార్ట్రజీను పరిమితి 7.5 మిల్లీగ్రాములు మారలేదు. ఈ లెక్క యింటికి ఎట్లు వచ్చునో చూతము. పదునైదు కిలోల బరువుగల పిల్లవానికి క్వినోలీన్ ఎల్లో దినమునకు 150 మిల్లీగ్రాముల వరకు తగునని నిన్నటి మాట, 7.5 మిల్లీగ్రాములకు మించరాదని నేటి మాట. పిల్లవాడు మారలేదు, రంగు మారలేదు. చూచిన కన్ను మారినది.

పునఃపరీక్ష యనగా తగ్గించుటయే యని తలంపరాదు. సన్‌సెట్ ఎల్లో పరిమితిని 2009లో 2.5 నుండి 1కి తాత్కాలికముగా తగ్గించి, మరి కొన్ని పరీక్షలు కోరిరి. ఆ పరీక్షలలో భయపడిన కీడు కనబడనందున 2014లో దానిని 4కు పెంచిరి. శాకరీను పరిమితిని సయితము 2024లో 5 నుండి 9కి పెంచిరి. మన వంటింటి పసుపునకు ఆ వన్నె నిచ్చు కర్క్యుమినును రంగుగా వాడుటను 2010లో పరీక్షించి, కిలో ఒక్కింటికి 3 మిల్లీగ్రాములను మునుపటి పరిమితినే నిలిపిరి. ప్రకృతి యిచ్చినదని దానిని పరీక్షింపక విడువలేదు. కృత్రిమమైనదని శాకరీనును ఊరక దండింపలేదు. న్యాయాధిపతికి వలసిన గుణమిదియే.

కేకలు ఎక్కువైన చోటు

వరుసను తప్పించి ముందునకు తెచ్చుటకు సాక్ష్యమే గాక ప్రజల యాందోళనయు కారణము కావచ్చును. ఆస్పర్టేము అను తీపు ద్రవ్యము అట్టిది. వరుస ప్రకారము దాని గడువు 2020. దానిపై వాదోపవాదములు మిన్నుముట్టుచుండుటచే, 2011లో ఐరోపా కమిషనువారు దానిని ముందుగా పరీక్షింపుడని కోరిరి. 2013 డిసెంబరులో తీర్పు వచ్చినది. కిలో ఒక్కింటికి 40 మిల్లీగ్రాములను పాత పరిమితి తగియున్నదనిరి. ఫినైల్‌కీటోనూరియా యను పుట్టు వ్యాధి గలవారికి మాత్రము ఆ మాట వర్తింపదని స్పష్టపరచిరి.

ఇది మంచిపనియా, వ్యర్థశ్రమయా? మా యభిప్రాయమున రెండును కొంత నిజమే. జనులు భయపడుచున్న వస్తువును పరీక్షించి భయము లేదనుటయు ఒక సేవయే. నమ్మకము లేని యన్నము ఒంటబట్టదు. అయినను ఏడ్చిన బిడ్డకే పాలిత్తునను తల్లి యేడ్వలేని బిడ్డను మరచు ప్రమాదము కలదు. పత్రికలకెక్కని ద్రవ్యములు, పలుకుట కష్టమైన పేర్లుగల ద్రవ్యములు కేకలు వేయవు. వానిని గూర్చి మూడు ప్రశ్నలను నిష్పక్షపాతముగా అడుగువారు ఉండవలయును. వరుసను ముందే వ్రాసి ప్రకటించుటలోని మేలు ఇదియే. ఎవరు వరుసను దాటిరో, ఏల దాటిరో అందరికిని తెలియును.

వేచియుండు భారమెవరిది?

ఇక అన్నిటికంటె కఠినమైన ప్రశ్న. వరుస యనగా కొన్ని వెనుక నిలుచుట. వెనుక నిలిచిన ద్రవ్యము చెఱలో నుండదు; అంగడిలోనే యుండును, మిఠాయిలో పడుచునే యుండును. టైటానియం డయాక్సైడు అను తెల్లరంగును చూడుడు. మిఠాయిల పూతలోను, నములు జిగురులోను తెలుపుకొరకు దీనిని చేర్చుచుండిరి. 2016లో పరీక్షించినప్పుడు భయము కనబడలేదు గాని, సమాచారము చాలదని మరి కొన్ని పరీక్షలు కోరిరి. ఫ్రాన్సు దేశమువారు వేచియుండక 2020 జనవరి నుండి ఆహారములో దానిని నిలిపివేసిరి. 2021 మే నెలలో ఐరోపా సంస్థవారు, ఈ ద్రవ్యపు కణములు జీవకణములలోని వంశ ద్రవ్యమునకు హాని చేయవని నిశ్చయముగా చెప్పజాలము గనుక దీనిని ఇక సురక్షితమని భావింపజాలమనిరి. 2022లో నిషేధము వచ్చినది. బ్రిటను, కెనడా దేశముల పరీక్షకులు ఆ సాక్ష్యమునే చూచి నిషేధింప నక్కరలేదనిరి. కావున హాని ఋజువైనదని మేము చెప్పుట లేదు. హాని లేదని చెప్పలేని స్థితిలో ఆ సందేహపు భారమును ఎవరు మోయవలయును, తయారుచేయువాడా, తిను పిల్లవాడా? ప్రశ్న యిది యొక్కటే.

దీనికి ఐరోపావారి నిబంధనలలో కొంత సమాధానము కలదు. పునఃపరీక్షకు ముందు సంస్థవారు సమాచారము కావలయునని బహిరంగముగా ప్రకటింతురు. గడువులోపల వ్యాపారులు సమాచారము నీయనిచో ఆ ద్రవ్యమును అనుమతి పట్టికనుండి తీసివేయవచ్చును. కొవ్వులు ముక్కిపోకుండ వాడుచుండిన ఆక్టైల్ గాలేటు, డొడెసైల్ గాలేటు అను రెండు ద్రవ్యములును ఇట్లే 2018లో పట్టికనుండి పోయినవి. వానిని విషములని ఎవరును ఋజువు చేయలేదు. మంచివని చూపుటకు పూనుకొన్నవారు లేరు, అంతే. పంక్తిలో కూర్చుండగోరువాడు తానెవరో చెప్పవలయును గాని, వడ్డించువారు వాని కుల గోత్రములు వెదకుచు పోనక్కరలేదు.

మరియొక ఉపాయమును కలదు. ఆహారమునకు పొగవాసన నిచ్చు ద్రవ్యములకు ఐరోపావారు పదియేండ్ల గడువుతోనే అనుమతి యిచ్చిరి. గడువు తీరుటతో వ్యాపారులే మరల కాగితములు తేవలసి వచ్చినది. 2023లో అట్టి ఎనిమిదింటిని పరీక్షించి, వంశ ద్రవ్యమునకు హాని విషయమున ఒక్కదానికిని భయము లేదని చెప్పజాలమనిరి. 2024లో అనుమతులను పొడిగింపక, వాడుకను క్రమముగా నిలుపుటకు గడువులిచ్చిరి. అనుమతికే ఆయుర్దాయము పెట్టినచో, మరల చూడవలయునని ఎవరును జ్ఞాపకము చేయనక్కరలేదు. మందుసీసాపై తేదీ వేయుట యెంత న్యాయమో, తీర్పుపై తేదీ వేయుటయు అంత న్యాయమని మాకు తోచుచున్నది.

ఇంత చేసినను గడువులన్నియు నిలిచినవి కావు. 2020 చివరకు ముగియవలసిన తీపు ద్రవ్యముల పని ఆ తరువాతి యేండ్లకును సాగినది. దీనిచేత ఆ సంస్థను నిందింప బూనుట లేదు. వరుసను ప్రకటించిరి గనుకనే ఆలస్యమును మనము లెక్కింపగలుగుచున్నాము. లెక్క వ్రాయని యింట ఎంత పోయినదో ఎవరికిని తెలియదు.

మన పళ్లెములోనికి

మన దేశమున 2006వ సంవత్సరపు చట్టము ననుసరించి 2008లో భారత ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ యేర్పడినది. 2011 నాటి నిబంధనలలో ఎనిమిది కృత్రిమపు రంగులకు అనుమతి కలదు. పైన చెప్పిన ఆరింటిలో నాలుగు, అనగా టార్ట్రజీను, సన్‌సెట్ ఎల్లో, కార్మోయిసీను, పాన్సో 4ఆర్, ఆ యెనిమిదిలోనివే. కిలో ఆహారమునకు సాధారణముగా 100 మిల్లీగ్రాములకు మించరాదని నియమము.

అయితే ఐరోపావారి మూడవ ప్రశ్నను, ఎవరు ఎంత తినుచున్నారను ప్రశ్నను, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు మన పిల్లల విషయమున అడిగిరి. 2004లో ప్రకటింపబడిన వారి పరిశోధనలో, నగరమున ఏడాదినుండి పదునెనిమిదేండ్ల వరకు గలవారు రంగుల నెంతగా తినుచున్నారో లెక్కించిరి. అన్నిటికంటె విరివిగా వాడబడు రంగు టార్ట్రజీను, దాని తరువాత సన్‌సెట్ ఎల్లో అని తేలినది. కొందరు పిల్లలు కొన్ని రంగులను దిన పరిమితికి మించి తినుచున్నారనియు తేలినది. చూచితిరా! ద్రవ్యమునకు పరిమితి యుండుట వేరు, పిల్లవాడు ఆ పరిమితిలో నుండుట వేరు. ఒక మిఠాయిలో రంగు నియమము దాటకున్నను, మిఠాయి, పానీయము, బిళ్ల, ఐసు అన్నియు ఒక్క కడుపులోనే పడును. సగటు లెక్కకు అందని ఆ కొందరు పిల్లలే మొదటి వరుసకు తగినవారు.

ఒక్క భేదమును మరువరాదు. పప్పునకును పసుపునకును పూయు మెటానిల్ ఎల్లో, పీచు మిఠాయిలో 2024లో తమిళనాడునందు పట్టుబడిన రోడమీన్-బి మొదలగునవి అనుమతి లేని రంగులు. వానికి వరుసయు అక్కరలేదు, పునఃపరీక్షయు అక్కరలేదు; పట్టి శిక్షించుటయే కావలసినది. మేము ఇంతదూరము చెప్పినది అనుమతిగల ద్రవ్యముల మాట. దొంగను పట్టుట రక్షకభటుల పని. అతిథిగా వచ్చినవానిని అప్పుడప్పుడు మరల పలుకరించి చూచుట పరీక్షకుల పని.

సోదరీమణులారా, ఈ పరీక్షలు మనము చేయగలవి కావు. కాని పొట్లముపైనున్న అంకెలను చదువగలము. 102 అన్నచో టార్ట్రజీను, 110 అన్నచో సన్‌సెట్ ఎల్లో, 122 కార్మోయిసీను, 124 పాన్సో 4ఆర్. ఒక్కనాడు తిన్నంత మాత్రమున భయపడవలసిన పనిలేదు. ప్రతిదినము, అన్నిటియందు, చిన్న దేహమునకు చేరుచున్నవా యని చూచుకొనవలయును. అంగడిలో రంగు తక్కువైన లడ్డును కొనుటకు సంకోచింపకుండుటయు మన చేతిలోని పనియే. కొనువారి కన్ను రంగు కోరినంతకాలము అమ్మువారు రంగు వేయక మానరు.

పాలకులను అడుగవలసినదియు కలదు. ఈ ద్రవ్యము మంచిదా, చెడ్డదా యని మాత్రమే అడిగిన చాలదు. దీనిని కడపట చూచినదెప్పుడు? మరల చూచునది యెప్పుడు? ఈలోపల దీనిని ఎక్కువగా తినుచున్నది యెవరి బిడ్డలు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానమును తేదీలతో వ్రాసి, అందరును చదువునట్లు ప్రకటించిన నాడు పరీక్షకుల ఆలస్యమును సయితము మనము ఓర్చుకొనగలము. ఓర్పు స్త్రీలకు నేర్పవలసినది కాదు; ఎంతకాలము ఓర్వవలయునో చెప్పుట మాత్రము వారి ధర్మము.